బాల్ పైథానా, కార్న్ స్నేకా? డెల్టా ఇళ్లకు నా మష్వరా



కుక్కను ఇంట్లో పెంచనివ్వం. పిల్లి వస్తే పాలు పోస్తాం గానీ అది ఎవరి మాటా వినదు. పంజరంలో రామచిలకను పెడదామంటే కానూన్ ఒప్పుకోదు, అది కూడా 1972 నాటి వన్యప్రాణి చట్టం కిందికే వస్తుంది. అక్వేరియం చేపలు నెల తిరక్కుండానే పోతాయి. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చి మన బచ్చాలు ఇప్పుడు పాము దగ్గర ఆగారు. మా భాంజా వయసు పన్నెండు. "మామూ, బాల్ పైథాన్ తీసుకోనా, కార్న్ స్నేక్ తీసుకోనా?" అంటాడు. అసలు పాము పెంచొచ్చా అన్న సవాల్ వాడి బుర్రలో లేదు. యూట్యూబ్ దాన్ని ఎప్పుడో దాటించేసింది. వాడికి రెండింట్లో ఏది అన్నదే మిగిలింది.

ఒక్క మా ఇంటి సంగతే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. విజయవాడలో, గుంటూరులో, ఇటు మన గన్నవరంలో కూడా చదువుకున్న ఇళ్లలో ఈ మాట వినపడుతోంది. అబ్బా గల్ఫ్‌లో ఉంటాడు, కొడుకు ఫోన్‌లో అడుగుతాడు, దూరంగా ఉన్నానన్న బాధతో అబ్బా "సరే బేటా" అనేస్తాడు. ఆ సరేకు ముందు ఒక్కసారి కూర్చుని ఆలోచిద్దాం.

ముందు మసలా సంగతి. పామును హాని చేసే జీవుల్లో లెక్కపెట్టారు కనుక పెంచడం నాజాయిజ్ అని చెప్పే ఉలమా చాలామంది ఉన్నారు. నేను ఆలిమ్‌ను కాదు, ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి. ఆయన వద్దంటే ఈ వ్యాసం మీకు ఇక్కడితో ఖతమ్, మిగతాది మాలూమాత్ కోసం చదువుకోండి. కానీ ఒక మాట మనందరికీ చిన్నప్పటి నుంచి తెలుసు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, బయటికి వెళ్లి తిననివ్వకా చంపిన ఔరత్ గురించి హదీసులో ఏముందో ప్రతి మద్రసా పిల్లాడూ చెబుతాడు. మూత పెట్టిన గాజు పెట్టెలో ఉన్న జానవర్‌కు కూడా అదే లెక్క. దాని భూఖ్, దాని ప్యాస్ అన్నీ మన మెడకే.

ఇక రెండు పాముల పరిచయం.

బాల్ పైథాన్‌ది ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల నుంచి ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. మన కొండచిలువకు చుట్టమే గానీ పొట్టిది, మూడు నుంచి ఐదు అడుగులు. భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది కనుక ఆ పేరు. లావుగా, నెమ్మదిగా, ముదురు గోధుమ రంగు మీద లేత మచ్చలతో ఉంటుంది.

కార్న్ స్నేక్‌ది అమెరికా ఆగ్నేయ ప్రాంతం. మన జెర్రిపోతు లాగా ఎలుకలు తిని బతికే జాతి. పొడవు అదే మూడు నుంచి ఐదు అడుగులు, కానీ సన్నం. నారింజ, ఎరుపు రంగు. పొట్ట మీద గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయని ఆ పేరు వచ్చిందంటారు. మొక్కజొన్న గాదెల్లో ఎలుకల కోసం దూరేది కాబట్టి వచ్చిందని ఇంకొందరు అంటారు.

రెండింటికీ జహర్ లేదు. రెండూ ఎలుకల్ని చుట్టి, నొక్కి చంపి మింగేవే. మరి తేడా ఎక్కడ? ఇన్సాఫ్‌గా ఒక్కొక్కటీ చూద్దాం.

మిజాజ్ చూస్తే బాల్ పైథాన్‌దే పైచేయి. చేతిలో పెట్టుకుంటే కదలకుండా కూర్చుంటుంది. కార్న్ స్నేక్ పిల్ల అలా కాదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతూ ఉంటుంది. పెద్దదయ్యాక మెత్తబడుతుంది గానీ మొదటి ఏడాది సబర్ కావాలి. పైగా పెట్టెలోంచి తప్పించుకోవడంలో అది ఉస్తాద్. మూతకు వేలు పట్టే సందు ఉంటే పొద్దున్నకు పెట్టె ఖాళీ.

తిండి విషయంలో కార్న్ స్నేక్ గెలుస్తుంది. వారానికో పది రోజులకో ఎలుక పెడితే తింటుంది. బాల్ పైథాన్‌కు ఉపవాసం అలవాటు. చోటు మారినా, చలి తగిలినా, ఏ కారణం లేకపోయినా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నోరు తెరవదు. పెద్ద పాముకు దానివల్ల సాధారణంగా ఏమీ కాదు. కానీ కొత్తగా పెంచేవాడికి అది జబ్బో అలవాటో ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఎలుకల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. బతికున్న ఎలుకను పెట్టెలో వేయడం రెండు వైపులా జుల్మ్. ఎలుకకు అది నరకం, ఆ ఎలుక తిరగబడితే పాముకు గాయం. చచ్చిన ఎలుకల్ని గడ్డకట్టించి ఉంచి, కరిగించి, కాస్త వెచ్చచేసి పెట్టాలి. అంటే ఫ్రిజ్‌లో కుర్బానీ గోష్త్ పక్కన ఎలుకల ప్యాకెట్. అమ్మీని అడిగారా? వేరే చిన్న ఫ్రిజ్ కొనే గుంజాయిష్ లేకపోతే పాము కొనే గుంజాయిష్ కూడా లేనట్టే.

మన మౌసమ్ సంగతి ఇంటర్నెట్‌లో ఎవరూ చెప్పరు. అక్కడ రాసేవాళ్లవి చలి దేశాలు. హీట్ మ్యాట్ పెట్టు, బల్బు పెట్టు అంటారు. గన్నవరంలో మే నెలలో పాముకు వేడి ఇవ్వడం కాదు, వేడి నుంచి కాపాడటమే ముష్కిల్. కార్న్ స్నేక్‌కు పెట్టెలో ఒక చివర 29, 30 డిగ్రీలు, ఇంకో చివర 24 దాకా ఉంటే హాయి. బాల్ పైథాన్‌కు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ కావాలి, గాలిలో తేమ కూడా ఎక్కువ కావాలి. వానాకాలం డెల్టా గాలి బాల్ పైథాన్‌కు నచ్చుతుంది, అది ఒప్పుకోవాలి. కానీ రేకుల కప్పు కింద, పై అంతస్తు గదిలో మే మధ్యాహ్నం 40 దాటితే రెండూ బతకవు. అప్పుడే కరెంటు పోతుంది. ఏసీకి ఇన్వర్టర్ బ్యాకప్ లేని ఇంట్లో ఈ షౌక్ ఎండాకాలం దాకానే.

ఉమర్ సంగతి ఇంకా పెద్దది. కార్న్ స్నేక్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్లు బతకడం మామూలే. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో అరవై దాటిన ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టి వార్తల్లోకి వచ్చింది. మన ఇళ్ల సంగతి ఆలోచించండి. ఏడో తరగతి పిల్లాడు పాము తెచ్చుకుంటాడు. పదో తరగతి కాగానే రెసిడెన్షియల్ కాలేజీ, తర్వాత ఇంజనీరింగ్ హాస్టల్, తర్వాత హైదరాబాదో దుబాయో. పాము మాత్రం ఇంట్లోనే. ఎలుక కరిగించేది ఎవరు? నీళ్ల గిన్నె మార్చేది ఎవరు? అమ్మీనే. షౌక్ కొడుకుది, జిమ్మేదారీ తల్లిది. ఇది మన ఇళ్లలో కొత్త రివాజ్ కాదు గానీ ముప్పై ఏళ్ల పాటు మోయమంటే జ్యాదతీ.

కానూన్ వైపు వద్దాం. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. ఇక్కడి పాము ఏదైనా సరే, నాగుపాము గానీ, జెర్రిపోతు గానీ, కొండచిలువ గానీ, పెంచడం జుర్మ్. కొండచిలువ షెడ్యూల్ ఒకటిలో ఉంది. దాని విషయంలో నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా ఖైద్. పొలంలో దొరికిన పిల్లను సరదాగా డబ్బాలో పెట్టుకున్నా అదే దఫా.

పరదేశీ పాముల సంగతి వేరు. వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ వచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలో ఉన్న జీవుల్ని పెంచేవాళ్లు నమోదు చేసుకోవాలని ఆ సవరణ చెబుతుంది. దాని రూల్స్ 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. నమోదు పరివేష్ పోర్టల్‌లో. పాము చేతులు మారినా, పిల్లల్ని పెట్టినా, చచ్చినా ఇత్తిలా ఇవ్వాలి. బాల్ పైథాన్ సైటిస్ రెండో జాబితాలో ఉంది, కనుక దానికి ఇదంతా లాజిమీ. కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేదు, కనుక ఈ నమోదు అవసరం లేదు.

వినగానే కార్న్ స్నేక్ సులువు అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక పేచీ ఉంది, దాచను. బాల్ పైథాన్‌కు కాగితం ఉండాలి కనుక, లేదంటే ఆ సౌదా గలత్ అని అక్కడే తెలిసిపోతుంది. కార్న్ స్నేక్‌కు అలాంటి కాగితమే లేదు. అది లైసెన్సు మీద దిగుమతైన పాము సంతానమా, సూట్‌కేసులో దాక్కుని వచ్చిందా అన్నది దాని ముఖం చూసి చెప్పలేం. 2023 జనవరిలో చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన దిక్కులేని బ్యాగులు కస్టమ్స్ వాళ్లు తెరిస్తే 45 బాల్ పైథాన్లు, 8 కార్న్ స్నేక్‌లు, ఇంకా చిన్న కోతులు, నక్షత్ర తాబేళ్లు దొరికాయి. వాటిని తిరిగి బ్యాంకాక్ పంపేశారు. ఆ బ్యాగులు పట్టుబడకుండా ఉంటే ఆ పాములు ఎక్కడికి పోయేవి? ఇన్‌స్టాగ్రామ్‌లో "హెల్దీ, యాక్టివ్, డెలివరీ అవైలబుల్" అని పెట్టేవాళ్ల దగ్గరికే. హరామ్ మాల్ అంటే మాంసం ఒక్కటే కాదు. దొంగతనంగా వచ్చిన జానవర్ కూడా అంతే. అమ్మేవాడు రసీదు ఇవ్వనంటే, తల్లి పాము ఎక్కడిదో చెప్పనంటే, సలామ్ చెప్పి బయటికి రండి.

ఇంకో సంగతి. ఆఫ్రికాలో గర్భంతో ఉన్న ఆడ బాల్ పైథాన్లను అడవిలో పట్టి, గుడ్లు పొదిగించి, పిల్లల్ని ఎగుమతి చేయడం ఏళ్లుగా జరుగుతోంది. ఇప్పుడు ఆ జాతి ప్రమాదానికి దగ్గర్లో ఉన్నవాటి లెక్కలోకి వచ్చింది. కార్న్ స్నేక్‌ల విషయంలో అంత దబావ్ లేదు, తరాలుగా మనుషుల దగ్గరే పుట్టి పెరుగుతున్నాయి. పైగా బాల్ పైథాన్లలో రంగుల పిచ్చి బాగా ముదిరింది. స్పైడర్ అనే ఒక రకం ఉంది, చూడ్డానికి జాలీ గీసినట్టు ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. ఆ డిజైన్ ఇచ్చే జన్యువే దాని తలను తిన్నగా నిలబడనివ్వదు, ఊగుతూ ఉంటుంది. కొన్నిటికి ఎలుకను పట్టుకోవడం కూడా కష్టమే. మన కంటికి నచ్చాలని ఒక జానవర్‌ను పుట్టుకతోనే బీమార్ చేయడం ఏ రకం షౌక్?

ఇప్పటిదాకా చెప్పినవి ఏ ఊళ్లోవాళ్లకైనా వర్తిస్తాయి. అసలు మాట ఇప్పుడు చెబుతాను. నా ఫైసలా దీని మీదే నిలబడింది.

మనం ఉండేది కృష్ణా డెల్టాలో. వరి చేలు, కాల్వ గట్లు, గడ్డివాములు, వాటి నిండా ఎలుకలు, ఎలుకల వెనక పాములు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ మన ఇరుగుపొరుగే. 2018 వానాకాలంలో దివిసీమలో, అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు ఎంత పెరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. దేశం మొత్తం మీద 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మౌత్‌లున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

ఇప్పుడు రక్తపింజరిని కళ్ల ముందుకు తెచ్చుకోండి. లావు ఒళ్లు, పొట్టి తోక, గోధుమ రంగు మీద ముదురు మచ్చలు, నెమ్మదిగా కదలడం, కదలకుండా చుట్టుకుని పడుకోవడం. ఇప్పుడు బాల్ పైథాన్‌ను తెచ్చుకోండి. లావు ఒళ్లు, పొట్టి తోక, గోధుమ రంగు, మచ్చలు, నెమ్మది. రక్తపింజరిని చూసి కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకోవడం, కాటు తినడం మన దేశంలో పాములు పట్టేవాళ్లు పదే పదే చెప్పే హెచ్చరిక. ఏ పామూ పెంచని మనుషులే అలా మోసపోతుంటే, ఇంట్లో రోజూ అలాంటి పామును మెడలో వేసుకుని ఆడే ఎనిమిదేళ్ల చెల్లెలు కాల్వ గట్టున చుట్టుకుని ఉన్నదాన్ని చూసి ఏం చేస్తుంది? భయపడదు. చెయ్యి చాపుతుంది. మనమే ఆ భయాన్ని దగ్గరుండి పోగొట్టాం కదా.

తేడా తెలిసినవాళ్లకు తెలుస్తుంది. రక్తపింజరి వీపు మీద మూడు వరుసల్లో గొలుసులా గుండ్రటి మచ్చలుంటాయి, బెదిరిస్తే కుక్కర్‌లోంచి ఆవిరి పోతున్నట్టు గట్టిగా బుస కొడుతుంది. కానీ మసక వెలుతురులో, గడ్డిలో, పిల్లల కళ్లకు ఆ ఫరక్ దొరకదు. ఖౌఫ్ కూడా అల్లాహ్ ఇచ్చిన నేమతే. డెల్టా పిల్లల నుంచి దాన్ని తీసేసుకోకూడదు.

కార్న్ స్నేక్ విషయంలో ఈ ఖతరా తక్కువ. నారింజ రంగుతో, సన్నగా ఉండే అలాంటి జహరీలా పాము మన చేలల్లో లేదు. అందుకే లండన్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మన రిష్తేదార్లు బాల్ పైథాన్ మంచిదంటే వాళ్ల వరకు సహీ కావచ్చు. వాళ్ల పెరట్లో రక్తపింజరి లేదు. మనకు ఉంది.

కాబట్టి నా రాయ్ సాఫ్‌గా చెబుతున్నాను. బాల్ పైథాన్ మన ఇళ్లకు వద్దు. ఆ రెండింట్లో ఒకటి తెచ్చుకోవాల్సిందే అంటే కార్న్ స్నేక్. అదీ కొన్ని షరతుల మీద.

ఐదేళ్ల లోపు పిల్లలు, హామిలా ఔరత్‌లు, బాగా ముసలివాళ్లు ఉన్న ఇంట్లో రెండూ వద్దు. పాముల ఒంటి మీద, మలంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. పెద్దవాళ్లకు విరేచనాలతో పోయేది పసివాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు. మిగతా ఇళ్లలో కూడా పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దాని గిన్నె, దాని పెట్టె వంటింటి సింకులో, వుజూ చేసే చోట కడగొద్దు.

పెట్టెకు తాళం ఉండాలి. గోడకు గోడ ఆనుకున్న మొహల్లాలో మీ ఎర్ర పాము పక్కింటి బావర్చీఖానాలో తేలితే దానికి విషం లేదని చెప్పే లోపే కర్ర పడుతుంది. ఆ పామూ పోతుంది, పడోసీతో ముప్పై ఏళ్ల సలామూ పోతుంది. పడోసీ హక్ మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొనకముందే వాళ్లకు చెప్పండి.

పెంచలేకపోతే ఏలూరు కాల్వ దగ్గర వదిలేద్దాం అనే ఖయాల్ రానీయొద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో వదిలేసిన, తప్పించుకున్న బర్మా కొండచిలువలు అక్కడి చిత్తడి అడవుల్లో చిన్న జంతువుల్ని దాదాపు ఊడ్చేశాయి. ఒక్క పాముతో ఏమవుతుంది అని అక్కడా అనుకునే ఉంటారు.

మన ఊళ్లోనే ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఉంది. పాముకు జబ్బు చేస్తే చూసే డాక్టర్ ఎవరు, ఎక్కడ ఉంటారు అన్నది కొన్నాక కాదు, కొనకముందే అక్కడికి వెళ్లి అడగండి. జవాబు దొరక్కపోతే అదే మీ జవాబు.

అన్నిటికంటే ముందు, పెట్టెలోని పాము గురించి నేర్చుకునే ముందు చేలోని పాము గురించి నేర్పండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఫోటోలు ముందుపెట్టి పిల్లలకు గుర్తుపట్టడం నేర్పండి. చీకట్లో టార్చ్ లేకుండా బయటికి వెళ్లొద్దని, పొదలో చెయ్యి పెట్టొద్దని, వానాకాలంలో నేల మీద కాకుండా మంచం మీద దోమతెర కట్టుకుని పడుకోవాలని చెప్పండి. కాటు పడితే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఎక్కడా ఆగకుండా, కాటు పడ్డ చెయ్యో కాలో కదపకుండా విరుగుడు మందు ఉండే సర్కారీ దవాఖానాకు తీసుకెళ్లాలి. దువా చేయండి, దువా చదువుతూనే 108కు ఫోన్ చేయండి.

ఒక ఏడాది ఇది నేర్చుకుని, ఆ తర్వాత కూడా పిల్లాడి షౌక్ తగ్గకపోతే అప్పుడు కార్న్ స్నేక్ మాట ఎత్తండి. చాలామందికి ఆ ఏడాదిలోనే క్రికెట్ బ్యాటో గేమింగ్ ఫోనో పాము జాగా తీసుకుంటుంది. తీసుకోకపోతే ఆ షౌక్ సచ్చా అన్నమాట. అలాంటి పిల్లాణ్ణి జంతుశాస్త్రం వైపు, వెటర్నరీ చదువు వైపు నడిపించే ఆలోచన కూడా చేయండి. మన కౌమ్‌లో అలాంటివాళ్లు ఇంకా రావాలి.

ఆఖరి మాట గల్ఫ్‌లో ఉన్న అబ్బాలకు. ఫోన్‌లో "సరే బేటా" అనే ముందు ఫోన్ ఒకసారి బేగమ్‌కు ఇవ్వమనండి. పదిహేనేళ్లు ఎలుకలు కరిగించాల్సింది ఆవిడే కనుక ఆవిడ మాటే ఫైసలా.